రాజీనామా అంటే ఏమిటని అడిగిన తెల్లమ్మ

దగ్గరికి జరిగి కూర్చోండి, నా ఈడు వాళ్లయితే ఇంకాస్త దగ్గరికి. ఇది గట్టిగా చెప్పుకునే ముచ్చట కాదు. మొన్న పట్నం నుంచి మనవరాలు ఒక ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మమ్మా, గీ పుస్తకంల నువ్వున్నవ్!" అని గంతులేసింది. మన దేశంలో చట్టాలు మారడం చూసి రాసుకుపోయిన ఒక పరదేశపు ఆమె పుస్తకమది. కౌలు రైతులు భూములు సంతోషంగా తిరిగి ఇచ్చేస్తున్నారని, ఆ సంగతి తనకు ఒక వంటపిల్ల వివరించిందని అందులో ఉందట. ఆ వంటపిల్లను నేనే.

నిజాం రాజ్యం పోయిన పోలీసుచర్య అయిన కొన్నేళ్లకు ఆమె వచ్చి లక్సెట్టిపేటలో మిషను బంగళాలో దిగింది. అక్కడ నేను వంట చేసేదాన్ని. పదిహేడేళ్లుంటాయి, నాలుగో తరగతి దాకా చదివానన్న గీర మాత్రం బండెడు. దున్నేవాడిని భూమి మీద నుంచి వెళ్లగొట్టరాదని అప్పుడే కొత్త చట్టం వచ్చింది. కౌలుదారు తనంతట తానే తహసీల్దారు ముందుకొచ్చి వదులుకుంటేనే భూమి దాని ఆసామి అయిన దొరకు తిరిగి పోతుంది. అలా వదులుకునే కాగితాన్ని రాజీనామా అనేవారు. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు.

ఒకనాడు ఆమె తహసీల్దారు కచేరీ ఎలా నడుస్తుందో చూస్తానంటే మంచినీళ్ల కూజా పట్టుకుని వెంట వెళ్లాను. తహసీల్దారు పక్కన ఆమెకు కుర్చీ వేశారు. ఎదురుగా చూద్దును కదా, దొర భూమిని కౌలుకు దున్నే మా బాపు, నా కన్నతండ్రి! పక్కన మా ఊరి దొర గుమాస్తా. బాపు ముందున్న కాగితం చూసి, ఆమె తన వచ్చీరాని తెలుగులో అదేం కాగితమని అడిగింది, రాజీనామా అన్నారు. అంటే ఏమిటని నా వైపు తిరిగింది. తహసీల్దారు కలం ఎత్తిపట్టి ఆగాడు. ఊళ్లో కొట్లాటలు తెగినప్పుడు విన్న మాటే కదా అని, "రాజీ అంటే ఇద్దరు ఇష్టంగ ఒప్పుకునుడమ్మా" అని టక్కున చెప్పాను. ఆమె ముఖం విప్పారింది, రాసుకుంది. బాపు నన్నొకసారి చూసి, "బాంచెన్, ఇష్టమే" అన్నాడు.

"ఏలు నీదేరా, భూమే దొరది," అని నవ్వుతూ గుమాస్తా బాపు బొటనవేలికి సిరా అద్దాడు.

ఇంటికి పోయాకే తెలిసింది, పొద్దటి నుంచి మా అన్నను దొర ఉండే గడీలో వంగబెట్టి వీపు మీద బండ ఎత్తారని, బాపు వేలిముద్ర కాగితం చేరేదాకా దించలేదని. అన్న తిరిగొచ్చాడు గాని నడుము మళ్లీ నిలబడలేదు. మర్నాడు ఆ తెల్లమ్మకు చెప్పుకుందామని పరుగెత్తితే, ఆమె ఆదిలాబాదుకు జీపు ఎక్కుతూ నా చెంప తట్టి వెళ్లిపోయింది.

తను కౌలుకు దున్నిన అదే మెట్ట చెలకలో బాపు కూలికి పోయేవాడు. "నీ బిడ్డనే చెప్పింది గదరా ఇష్టమని!" అంటూ గుమాస్తా కూలివాళ్లందరినీ నవ్వించేవాడు. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. జొన్న గట్కనా, వరి అన్నమా, ఏది ఇష్టం బాపూ అని ఎప్పుడైనా నోరుజారి అడిగితే మాత్రం, తినకుండానే చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు.

ఇప్పుడు ఆ గడీ లేదు, ఆ దొరా లేడు. సంతకం పెట్టమంటే నా మనవరాలు కాగితమంతా చదువుతుంది, నచ్చకపోతే పెట్టనంటుంది. ఆ మాట విన్నప్పుడు నా కడుపు నిండుతుంది, ఆ వెంటనే మండుతుంది. మీ ఇల్లు చల్లగా ఉండాలి నాయనలారా, "నేనొప్పుకోను" అనే నోరు మీ ఇంట ఒక్కటైనా ఎప్పుడూ ఉండాలి.