పదకొండో వరసలో ఒక గడి

ఇన్నేళ్లుగా ఇది గుండెల మీద బండలా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెప్పగలను, మీరు రమణను ఎరగరు కనుక.

కలకత్తాలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేనూ, రమణ అనే అమ్మాయీ, మేమిద్దరమే తెలుగువాళ్లం. నేను బ్యాంకు ఆఫీసరు కొడుకుని. రమణ తండ్రి ఖిదిర్‌పూర్‌లో కార్పొరేషన్ వీధులు ఊడ్చేవాడు. నన్ను దాదా అనేది, బెంగాలీలో అన్నయ్యా అని.

ఒక ఆసుపత్రికి మందుల చీటీలు అచ్చువేసే ప్రోగ్రామును మేం పరీక్షించాలి. భాష, ప్రింటరు, మోతాదు రాసే తీరు, ఇలా అంశాలు ఐదు. ఒక్కోదానిలో నాలుగు రకాలు. అన్ని కలయికలూ చూస్తే వెయ్యి ఇరవైనాలుగు పరీక్షలు. నెల పడుతుందన్నాను. మర్నాడు రమణ పదహారు వరసల పట్టిక తెచ్చింది. వేర్వేరు అంశాల్లోంచి ఏ రెండు రకాలు తీసుకున్నా ఏదో ఒక వరసలో కలుస్తాయి; తప్పులు ఎక్కువగా అలాంటి జంటల దగ్గరే బయటపడతాయంది. మేనేజరు లేచి మరీ మెచ్చుకున్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఎందుకంత మండింది నాకు? ఆ పట్టిక నాకు తట్టనందుకా, లేక నన్ను దాదా అని పిలుస్తూ ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉంటుందనుకున్న ఆ ఇంటి పిల్లకు తట్టినందుకా? రెండోదే.

బంద్ రోజున కంపెనీ వ్యాను మా వీధికొచ్చింది. ఖిదిర్‌పూర్ వెళ్లలేదు, రమణ రాలేదు. ఖాళీ ఆఫీసులో ఆమె పట్టిక తెరిచి, పదకొండో వరసలో 'బెంగాలీ' తీసేసి 'ఇంగ్లీషు' పెట్టాను. ఒక్క గడి. ఎవరో చూసి ఆమెను నాలుగు మాటలంటారు, అంతే అనుకున్నాను.

ఎవరూ చూడలేదు. రమణ పదహారూ శ్రద్ధగా పరీక్షించింది. పాత ప్రింటరు మీద బెంగాలీ చీటీ మాత్రం తీయనే లేదు; ఆ జంట ఉండాల్సింది పదకొండో వరసలోనే. ఆసుపత్రిలో సరిగ్గా అక్కడే అర మాత్ర కాస్తా ఒక మాత్రగా అచ్చయింది. అది వేసుకుని ఒక పెద్దాయన స్పృహ తప్పాడు. బతికాడు.

రమణ పట్టిక పట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"దాదా, ఈ పదకొండోది నానే తప్పు రాసీసినానేటి? ఒక్కపాలి సూసి సెప్పు."

"నీ పొరపాటే, రమణా."

"అయితే ఆ ముసలాయన్ని నానే పడగొట్టీసినాను."

ఎవరూ పొమ్మనలేదు. తనే మానేసింది. ఆమె చేయాల్సిన పెద్ద పని నాకిచ్చారు; తీసుకున్నాను. మెటియాబ్రుజ్‌లో బట్టలు కుడుతోందనీ, కంప్యూటరు ముట్టనంటోందనీ తర్వాత విన్నాను. అక్కడికి బస్సులో గంట. ఒక్కసారీ వెళ్లలేదు.

ఆ పెద్దాయనను పడగొట్టింది రమణ కాదు, నేను. ఈ వాక్యం రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. వినాల్సింది మాత్రం మీరు కాదు.