పిట్టగూళ్ల వంతెన

మిలిటరీ మామకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. అన్నం కూడా కంచం చేత్తో పట్టుకుని, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే తింటాడు. "ఆ యుద్ధం నించి పంపేటప్పుడు మీ కాళ్లకి చక్రాలేమైనా బిగించారా?" అని భార్య అడగడం మొదలుపెట్టి నలభై ఏళ్లు దాటింది. ఆయన జవాబు చెప్పడం ఇంకా మొదలుపెట్టలేదు.

పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరి, వంతెనలు కట్టే దళంలో పడ్డాడు. రెండేళ్ల యుద్ధం చూసి, ఎడమ మోకాట్లో ఇనుపముక్కతో తిరిగొచ్చాడు. తండ్రి వదిలిన నాలుగెకరాల్లో మొక్కజొన్న వేశాడు. అంతటితో ఆగితే బాగుండేది. గట్టు మీద నిలబడితే చాలు, ఊళ్లో ఏదో ఒకటి వంకరగా కనబడేది. బడి కప్పు కారితే నిచ్చెన ఎక్కేది ఆయనే. నీళ్ల పంపు మొరాయిస్తే ఒళ్లంతా నూనె చేసుకుని దాని కింద దూరేది ఆయనే. ఎవరికైనా నొప్పులొస్తే ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి ఆసుపత్రికి చేర్చేదీ ఆయనే. "ఊరు నిన్ను దత్తత తీసుకుందా బావా, ఊరినే నువ్వు తీసుకున్నావా?" అనేవాడు బామ్మర్ది. అతను ఊరి పెద్ద. పేరు అతనిది, పని ఈయనది.

ఊరికీ అవతలి వాడకీ మధ్య వాగు. వాన పట్టిందంటే అవతలి ముప్పై ఇళ్లూ దీవి అయిపోయేవి. ఒక ఏడు అక్కడొక రైతు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, ఇవతలికి తెచ్చే దారిలేక జనం రెండు ఒడ్డుల మీదా నిలబడి చూశారు. మూడో రోజు ఆ మనిషి పోయాడు. పెళ్లాం చంకలో ఏడాది పిల్ల.

నీళ్లు తగ్గగానే మిలిటరీ మామ గడ్డపార భుజాన వేసుకుని ఒక్కడే వాగులోకి దిగాడు. నాలుగో రోజు మేస్త్రీ వచ్చి గట్టున నిలబడ్డాడు. "తవ్వేది వంతెనకి పునాదా, నీకు నువ్వే గొయ్యా?" అన్నాడు, అంటూనే పంచె ఎగ్గట్టి దిగాడు. తర్వాత ఊరంతా దిగింది. మూడు వేసవులు పట్టింది. నాలుగు రాతి స్తంభాలు, వాటి మీద ఇనుప దూలాలు, పైన పలకలు.

మొదటి స్తంభం ఛాతీ ఎత్తు లేచాక ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇక్కడ గూడు వదులు. మోచెయ్యి దాకా పట్టాలి."

"ఎందుకు, వాగులో దీపం పెడతావా?"

"ఉండాలి."

"అదే, ఎందుకుండాలీ అని."

"స్తంభమన్నాక ఉంటుందయ్యా! వదులు."

మేస్త్రీ నుదురు కొట్టుకుని వదిలాడు. నాలుగింటికీ వదిలాడు.

ఆ గూళ్లలో పిచ్చుకలు కాపురం పెట్టాయి. వంతెనకు ఏడాది నిండిన రోజు సభ జరిగింది. బడి పంతులు లేచి, "యుద్ధం చేసొచ్చిన చేతులు పిట్టలక్కూడా చోటు వదిలాయి" అన్నాడు. చప్పట్లు మోగాయి. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆ చప్పట్ల మధ్య నిలబడి ఉండగా, గూడు దేనికో మిలిటరీ మామకు గుర్తొచ్చింది.

ఆయన దళం కట్టిన ప్రతి స్తంభానికీ అలాంటి గూడే ఉండేది, మందుగుండు కూరడానికి. వెనక్కి తగ్గాల్సి వస్తే తాము కట్టినదాన్ని తామే పేల్చాలి. అప్పుడు రాయి తొలిచే తీరిక ఎవరికుంటుంది? అందుకని కట్టేటప్పుడే చోటు వదిలేవారు. ఆయన చేత్తో అలా రెండు వంతెనలు పేలిపోయాయి. రెండోదాని మీద ఇంకా మనుషులున్నారని ఎవరో అరిచారు. ఆ అరుపు చెవిన పడేసరికే మీట నొక్కడం అయిపోయింది.

ఈ వాగులోనూ నేర్చిన పని చేతులు చేసుకుపోయాయి, ఆయన్ని అడగలేదు. మర్నాడు చెప్పి గూళ్లు పూడ్పించేద్దామనుకున్నాడు. మర్నాటికి పిల్లలు "పిట్టల మామా!" అని పిలవడం మొదలైంది. అలా ఇరవై రెండేళ్లు. అన్నేళ్లలో వంతెన కిందికి దిగి చూడని రోజు లేదు. గూళ్లలో మొలిచిన మొక్కల్ని ఏటా పీకేసేవాడు. వంతెనంటే ఆయనకు ప్రాణమని ఊరు చెప్పుకునేది.

ఈ ఏడు వరద తీసిన పొద్దున రెండో స్తంభానికి పగులు కనిపించింది. గూటి మూల దగ్గర మొదలై నీళ్ల దాకా దిగింది. వేలు పెడితే దూరింది. లోపల తడితడిగా వేరు తగిలింది. పైన పీకిన మొక్క పోయింది, కింది వేరు రాతి సందుల్లో తన పని తాను చేసుకుంది.

ఆ మధ్యాహ్నమే లారీ రావాలి. ఇంతవరకూ ట్రాక్టర్లే నడిచిన వంతెన మీద, అవతలి వాడ మొక్కజొన్నంతా ఒక్క లోడుగా తేవడానికి బామ్మర్ది మాట్లాడి పెట్టాడు. మబ్బు కమ్ముకొస్తోంది.

ఇంటికొచ్చాడు. చెంబెడు నీళ్లు తాగి మళ్లీ వాగుకెళ్లాడు. మళ్లీ ఇంటికొచ్చాడు. మూడోసారి గుమ్మం దాటుతుంటే భార్య చీపురు అడ్డం పెట్టింది.

"ఏమయిందో చెప్పి కదలండి. లేదంటే నన్ను తొక్కుకుంటూ పోండి."

చెప్పాడు. పగులుతో మొదలుపెట్టి, సభ దాకా, మీట దాకా వెనక్కి వెళ్లాడు. ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇన్నేళ్లు నాక్కూడా చెప్పలేదేం?"

"పిట్టల మామా అంటుంటే... బాగుండేది."

ఆవిడ తప్పుకుని దారి ఇచ్చింది. "లారీ వచ్చే వేళయింది" అంది.

ఖాళీ లారీ వంతెన మొదట్లో ఆగి హారను కొడుతోంది. పలకల మధ్యలో మిలిటరీ మామ నిలబడి ఉన్నాడు. అవతలి ఒడ్డున బస్తాల పక్కన జనం. అందరికంటే ముందు, ఆనాడు మొగుణ్ని పోగొట్టుకున్న ఆవిడ.

"పెద్దాయనా, సైన్యంలో ట్యాంకుల్ని కూడా ఇలాగే ఆపావా?" డ్రైవరు తల బయట పెట్టాడు.

"బావా, జరుగు. మబ్బు చూడు!" అన్నాడు లారీ పక్కనున్న బామ్మర్ది.

"స్తంభం పగిలింది. లారీ పోదు."

బామ్మర్ది కిందికి దిగి చూశాడు. మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ పగులులోకి పుల్ల దూర్చి పెదవి విరిచాడు. పైకొచ్చాక బామ్మర్ది గొంతు తగ్గించాడు.

"వరద కొట్టింది, అంతేగా! దీనికంత మొహం వేలాడెయ్యడం ఎందుకు? ఆ ఒక్క స్తంభానికీ కట్టు కట్టిద్దాం. నీ పేరుకేం కాదులే."

మిలిటరీ మామకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఎంత సుళువు! తల ఊపితే చాలు. కానీ వరదే అయితే మిగతా మూడింటి జోలికి ఎవరూ పోరు. వాటి గూళ్లలోంచీ వేళ్లు దిగుతూనే ఉంటాయి. ఇంకో ఏడు ఇంకో స్తంభం. ఆ రోజు పైన ఎవరుంటారో.

"వరద కాదు," అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినబడింది. రెండు ఒడ్డులకూ వినిపించేలా మళ్లీ అన్నాడు. "వరద కాదు. నేను. ఆ గూళ్లు పిట్టల కోసం కాదు. బాంబులు పెట్టడానికి. సైన్యంలో నేర్చిన అలవాటుతో కట్టేశాను. తర్వాత తెలిసింది. తెలిసీ పూడ్చలేదు. నాలుగూ పాడయినట్టే."

డ్రైవరు హారను మీది నుంచి చెయ్యి తీశాడు. ముందుగా మేస్త్రీయే కదిలాడు. "అడిగానా లేదా నేను?" అన్నాడు ఎవరితోనో. "దీపం పెడతావా అని అడిగానా లేదా?"

అవతలి ఒడ్డు నుంచి ఆవిడ పలకల మీదికి వచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగింది.

"నా పిల్లని రోజూ దీని మీదే బడికి పంపాను మామా. నీ పేరు చెప్పి, భయం లేదు పో అని పంపాను."

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. వెనక్కి వెళ్లి, ఒక బస్తా తలకెత్తించుకుంది. "మనుషులైతే నడవొచ్చా?" అని మేస్త్రీని అడిగింది, మిలిటరీ మామని కాదు.

"ఒక్కొక్కళ్లు నడవండి. లారీ ఈ పక్కనే ఉంచుదాం" అన్నాడు మేస్త్రీ.

బస్తాలు కదిలాయి. మిలిటరీ మామ కిందికి దిగి, రెండో స్తంభం పక్కన మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పగులు మీద అరచెయ్యి ఆనించాడు. పైన జనం తొందరలో ఒకరి వెనకే ఒకరు నడవసాగారు. అడుగులన్నీ ఒకే చప్పుడయ్యాయి. ఆ చప్పుడు రాతిలోంచి ఆయన అరచేతికి దిగింది.

"అడుగు కలపొద్దు, స్తంభం అదురుతుంది!" అని అరిచాడు. "ఎవరి నడక వాళ్లు నడవండి! ఎడం ఉంచండి!"

పైన చప్పుడు తడబడింది, విడిపోయింది. తొలి చినుకులు పడ్డాయి. బస్తా దించి ఖాళీగా తిరిగొస్తున్న ఆవిడ, ఆయన నిలబడ్డ చోటికి వచ్చేసరికి కిందికి చూడలేదు. నడక మాత్రం మార్చుకుంది.