నజీమా రోలర్

నరసరావుపేటలో నజీమా లినోలియం అనే మెత్తటి పలక ముక్కల మీద బొమ్మలు చెక్కి, సిరా పూసి కాగితాలపై అచ్చు వేస్తుంది. సిరా వేసిన గాజుపలక మీద రబ్బరు రోలర్‌ను ముందుకూ వెనక్కూ దొర్లిస్తూ, తల వంచి వింటుంది. సిరా పలచగా పరుచుకుని చిటచిటమంటేనే రోలర్ పైకెత్తుతుంది. పనయ్యాక కిరసనాయిలుతో తుడిచి, రబ్బరు నొక్కుకుపోకుండా మేకుకు తగిలిస్తుంది.

ఒకరోజు రొంపిచెర్ల నుంచి ఆదిలక్ష్మమ్మ వచ్చి, చిన్నప్పుడే చనిపోయిన తన అక్క బొమ్మ కావాలంది. ఫొటో లేదు. ఆమె చెప్పిన పోలికలు విని నజీమా ఆ ముఖం చెక్కింది. తీరా అచ్చు వేస్తే కుడి చెంప మీద సిరా అంటని తెల్లమచ్చ ఒకటి కనిపించింది. దుమ్మేమో అనుకుని రోలర్ కడిగి మళ్ళీ వేసింది. మచ్చ అక్కడే ఉంది. అదే రోలర్‌తో వేరే బొమ్మ వేస్తే ఏ మచ్చా లేదు.

"ఏందో పెద్దమ్మా, ఇక్కడ సిరా పట్టట్లా," అంది నజీమా నొచ్చుకుంటూ.

ఆదిలక్ష్మమ్మ ఆ మచ్చను వేలితో తడిమింది.

"పొయ్యిలో పడి కాలినప్పటి మచ్చమ్మా ఇది. నీకు నేను చెప్పలా."

నజీమా మళ్ళీ రోలర్ చేతిలోకి తీసుకుంది. "ఇంకోటి వెయ్యమంటావా?" అని అడిగింది.

"వద్దు తల్లీ," అంది ఆదిలక్ష్మమ్మ కాగితాన్ని గుండెకు హత్తుకుంటూ. "వచ్చింది చాలు. మా అక్కను ఇంక పిలవమాక."