ఆరని పలకలు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది నన్ను తమిళనాడు సరిహద్దులోని హోసూరుకు వేశారు. విదేశీ ప్రయాణికులు పెరిగి ఇరుకైపోయిన ఒక విమానాశ్రయ టెర్మినల్‌ను విస్తరిస్తున్న కంపెనీలో నేను సీనియర్ క్వాలిటీ ఇంజనీరును. ఇమిగ్రేషన్ హాలుకు కావలసిన గ్రానైటు కృష్ణగిరి క్వారీల నుంచి వచ్చి, మూకండపల్లి దగ్గరి ఒక పాలిషింగ్ యూనిట్‌లో పలకలయ్యేది. నా సంతకం పడితేనే పలక లారీ ఎక్కాలి. రిటైర్మెంటుకు రెండేళ్లున్న మనిషికి అంత అధికారం ఇవ్వకూడదు.

తనిఖీ పద్ధతి ఇది. పలకలను నంబర్ల వరుసలో యార్డులో పరిచి రంగు కలిసిందో లేదో చూస్తాం. మెరుపును మీటరుతో కొలుస్తాం. తడి రాయి మీద మీటరు అబద్ధం చెబుతుంది కనుక పలక పొడిగా ఉండాలని నిబంధన. నేను ఇంకో అడుగు ముందుకేసి, యార్డులో చుక్క నీరు కనబడకూడదని ఆర్డరు వేశాను.

పలకలు తుడిచే పనికి ఉద్దనపల్లి నుంచి నారాయణమ్మ వచ్చేది. హోదా హెల్పరు. ఒకరోజు నేను రాకముందే పలకల మీద నీళ్లు చల్లి, ఆరేదాకా నిలబడి చూసిందట. కౌంటర్ల ముందు వేయవలసిన వాటిలో పదకొండింటిని పక్కకు లాగించింది.

“రాయంతా ఆరిపోయినా ఈ గీత మాత్రం ఆరలేదు సార్. లోపల బీట ఉండాది. నీళ్లు తాగినాది, చూడు,” అంది.

నేను కళ్లద్దాలు వెతుక్కుని వంగేసరికి గీత కాస్తా ఆరిపోయింది. నా ఖర్మ! మీటరు పెడితే మెరుపు బ్రహ్మాండం. ల్యాబు సర్టిఫికెట్టు ఉంది. అది మూడు నమూనా ముక్కలకే ఇచ్చిందని నాకు తెలుసు. ప్రారంభోత్సవమా, ముంచుకొస్తోంది.

“సార్ నీళ్లు వద్దన్నాడు గదా, నువ్వేమ్మా పరీక్షలు పెట్టేది? రేపట్నుంచి రావద్దు పో,” అన్నాడు యూనిట్ మేనేజరు.

ఆమె నా వైపు చూసింది. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. ఆర్డరు నాదే కాబట్టి నేనొక్క మాటంటే ఆమె ఉద్యోగం నిలిచేది. నేను పదకొండు సంతకాలు పెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

హాలు తెరిచారు. తుడుపు యంత్రం తిరిగిన ప్రతిసారీ నేలంతా ఆరినా, కౌంటర్ల ముందు పదకొండు గీతలు మిగిలేవి. ఆర్కిటెక్టు వాటిని సహజ సౌందర్యమన్నాడు. విదేశీయుడొకడు ఫోటో కూడా తీసుకున్నాడట. నెల తిరక్కముందే ట్రాలీల బరువుకు ఆ సౌందర్యం నిలువునా పగిలింది. చుట్టూ ‘నేల తడిగా ఉంది, జాగ్రత్త’ అనే పసుపు బోర్డులు పెట్టారు. పగిలిన నేలకు వేరే బోర్డు స్టోర్సులో లేదు మరి.

విచారణలో తేలిన కారణం: రవాణాలో కుదుపులు. నాకు మెమో రాలేదు సరికదా, అనుభవం ఉందని కొత్త పలకల తనిఖీ కూడా నాకే అప్పగించారు.

ఉద్దనపల్లి పోయాను. నారాయణమ్మ టమాటా తోటలో కూలికి కాయలు కోస్తోంది. జరిగింది చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకుని, మళ్లీ పనికి రమ్మన్నాను.

“ఇప్పుడు నీళ్లు పోయొచ్చునా?” అంది.

పోయవచ్చన్నాను.

“ఆ పొద్దు నువ్వు నోరు తెరిచింటే చాలుండె. ఇప్పుడు నోటిమాట చాలదప్పా. రాసియ్యి.”

పెన్ను తీశాను. ఆమెకు తెలుగు మాటే గానీ అక్షరం రాదట. బడిలో చదివింది అరవం. నెల్లూరు వాణ్ణి, నాకు అరవం రాయడం రాదు. ఆమె చెబుతుంటే పక్క సాలులోని కూలీ రాసింది: ప్రతి పలకా తడపాలి, ఆరేదాకా సంతకం పడరాదు, ఆపినందుకు నారాయణమ్మను పని నుంచి తీయరాదు. అదే రాసిందని వాళ్లన్నారు. నేను సంతకం చేశాను.

తెలియనిదాని కింద సంతకం చేయడం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారని అనబోయి, ఆ పదకొండూ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆమె వచ్చింది. ఆమె ఆపిన పలక ఏదీ లారీ ఎక్కలేదు. ఇన్‌స్పెక్టరుకు జీతమిచ్చేది సంతకం పెట్టడానికని ముప్పై ఏళ్లు అనుకున్నాను. ఆపడానికని చివరి రెండేళ్లలో తెలిసింది.