కోత పండుగ పప్పులో నేల ఉసిరి

ఈ బరువు ఏళ్లుగా మోస్తున్నాను. చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి. సువార్తమ్మ అత్త మాత్రం ఆ రోజు నవ్వలేదు.

సెమిలిగుడ చర్చిలో మా తెలుగు క్రైస్తవ సంఘం చిన్నది. కోత పండుగనాడు ఆరాధన అయ్యాక అందరికీ ప్రేమవిందు. అందులో గోంగూర పప్పు సువార్తమ్మ అత్తదే. నర్సు ఉద్యోగం నుంచి రిటైరయింది గానీ ఆ గరిటె ఎవరికీ ఇవ్వలేదు.

ఆ రోజుల్లో నేను బస్సెక్కి కోరాపుట్ లైబ్రరీకి వెళ్లి దొరికిన పుస్తకమల్లా చదివేదాన్ని. ఒక పుస్తకం నిండా కలుపు మొక్కలే. మనం పీకి పారేసే నేల ఉసిరిలో యాంటీ ఆక్సిడెంట్లట, టానిన్లట, ఫిలాంథిన్ అనే పదార్థమట! చర్చి గోడ వెనక అది గుబురుగా పెరిగి ఉంది. సంఘమంతటికీ ఒక్క పూటలో ఆరోగ్యం పంచేయవచ్చు. అడిగితే ఒప్పుకోరు. చదవనివాళ్లని అడగడమెందుకు? అత్త పప్పు దించి ఆరాధనకి వెళ్లగానే, ఇంట్లో ఉడికించి నూరి తెచ్చిన ఆకు గిన్నెడూ అందులో కలిపేశాను.

ఫిలాంథిన్ చేదని తర్వాతి పేజీలో ఉంది. ఆ పేజీ నేను విందయ్యాక చదివాను.

మొదటి ముద్దకే పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. ప్రార్థన అనుకున్నాం. "ఏటిది, పప్పా, కసాయమా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

అందరికీ వడ్డిస్తూ తానింకా ముద్ద ముట్టని అత్త నన్ను పక్కకి పిలిచింది.

"అమ్మీ, పుస్తకాలు సదివినదానివి, నువ్వు సెప్పు. దించేముందు రుసి సూసేను. నాకు సేదు తెలీనేదే. ఏటైందంటావు?"

అప్పుడైనా చెప్పవచ్చు కదా?

"వయసొచ్చేక నాలుక మీద రుసి మొగ్గలు తగ్గిపోతాయత్తా. పుస్తకంలో ఉంది."

అది నిజంగానే పుస్తకంలో ఉంది. అందుకే ఆ అబద్ధం అంత బాగా అతికింది. "అయితే ఇంక నాకొద్దులే" అని అత్త గరిటె కోడలికిచ్చేసింది. కోడలు ఉప్పు కూడా భయపడుతూ వేస్తుంది. ఏటేటా ఆ చప్పిడి పప్పు తింటున్నాం. ఇంట్లో కూర దించేముందు కూడా అత్త పక్కింటివాళ్లని పిలిచి రుచి చూడమంటుందట.

నిజంగా అందరి ఆరోగ్యం కోసమే చేశానా, లేక విందయ్యాక లేచి నిలబడి, మీరిప్పుడు తిన్నదేమిటో తెలుసా అంటూ ఫిలాంథిన్ పేరు నలుగురి ముందూ పలకాలనా? ఉపన్యాసం అద్దం ముందు తయారు చేసుకున్నాను కూడా.

అత్త నాలుకకి ఏ జబ్బూ లేదు. ఆ చేదు నాది. ఆవిడకి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు, చెప్పినా క్షమిస్తుందన్న నమ్మకమూ లేదు. మీకు చెప్పాను. ఎందుకో ఆకలేస్తోంది.