పేరు చెప్పి వాడుకోండి

చెంచురామయ్య గారికి ఒకటే జబ్బు. ఎవరి దగ్గర నుంచి వచ్చిందో పేరు చెప్పకుండా ఆయన ఏదీ వాడేవారు కాదు. వస్తువే కాదు, మాటైనా అంతే. ఆయన పోయి రెండేళ్ళయినా, సత్తెనపల్లిలో ఎవరైనా సామెత వాడితే పక్కవాడు "ఎవరిదిరా అది?" అని అడగడం మానలేదు.

బంతిలో పక్కనున్నాయన "గోంగూర అదిరిందండీ" అంటే, చెంచురామయ్య గారు ముద్ద ఆపి, "మూలం కోటేశ్వరి గారిది. ఎండుమిర్చి వేయించి దంచడం మాత్రం మా ఆవిడ చేసిన మార్పు" అనేవారు. జోకు చెప్పి, జనం నవ్వబోయేలోపు చెయ్యెత్తి, "ఇది కోటేష్ చెప్పింది. చివర్లో గేదెని నేను చేర్చాను" అనేవారు. నవ్వు అక్కడే చచ్చేది. ఓసారి లారీ వెనక్కి తీస్తూ గేటు గుద్దిన డ్రైవర్ని "ఒరేయ్ దున్నపోతు నాయాలా!" అని అరిచి, ఊపిరి పీల్చుకుని, "ఈ తిట్టు మా మేనమామదిరా" అన్నారు. డ్రైవరుకి కోపం తెచ్చుకోవాలో, మేనమామని తలుచుకోవాలో తెలియలేదు.

"పెళ్ళిచూపుల్లో నన్ను చందమామలా ఉన్నావన్నారు. ఆ మాటెవరిదండీ?" అని ఆయన భార్య వెంకటరావమ్మ నిలదీసింది.

"మా తెలుగు మాస్టారిది. ఆయన ఇంకెవరి గురించో అన్నారులే."

ఆ పూట ఆయనకి మజ్జిగే గతయింది.

ఊరి బయట మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆయన గుమాస్తా. రైతులు దాచుకున్న టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అక్కడ వేలకి వేలు ఉండేవి. రేటు లేచిన రోజున రైతు పరుగెత్తుకొచ్చి "నా సరుకు తియ్యండి" అంటే, అది ఏ గదిలో ఏ వరసలో ఉందో వెతకడానికే సగం రోజు పట్టేది. ఆ చలిలో, ఆ ఘాటులో, హమాలీలు తుమ్ముతూ బస్తాలు దొర్లించేవాళ్ళు. వాళ్ళ మేస్త్రీ హుస్సేన్ సాహెబ్. ఆయన కూతురు నస్రత్ కాలేజీలో కంప్యూటర్లు చదువుకుంటూ, సెలవుల్లో అక్కడ సరుకు వివరాలు ఎక్కించేది.

అరవై దగ్గర పడుతుండగా చెంచురామయ్య గారికి ప్రోగ్రాములు రాసే పిచ్చి పట్టింది. ఇద్దరూ కలిసి 'టిక్కీ' అని ఒకటి తయారు చేశారు. ఏ సరుకు ఎక్కడ పేర్చాలో లెక్కగట్టే అసలు భాగం నస్రత్ రాసింది. తయారవగానే పెద్దాయన దాన్ని ఇంటర్నెట్లో అందరికీ తెరిచి పెట్టేశారు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతులు రెండే. రాసినవాళ్ళ పేర్లు తీసేయకూడదు. మార్చి అమ్మితే ఆ మార్పులు కూడా అందరికీ ఇవ్వాలి.

"ఇట్టా పంచిపెడితే మనకేం వస్తుంది సార్?" అంది నస్రత్.

"పేరు వస్తుంది తల్లీ. ఈ షరతులు కూడా నావి కాదు, ఎవరో మహానుభావులు రాసిపెట్టారు. వాళ్ళ సంగతి కూడా కింద వేశాను."

"మీరు వెయ్యకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి గానీ!"

చదువైపోయే ఏడు, నస్రత్ కాలేజీకి హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్ళు ఉద్యోగాలివ్వడానికి వచ్చారు. ఇంటర్వ్యూ చేసిన చైతన్యకృష్ణ తమ సొంత ప్రోగ్రాం అంటూ తెర మీద ఒకటి చూపించాడు. రంగులు మారాయి, పేరు మారింది. లోపలున్నది మాత్రం టిక్కీ.

"ఇది మేం రాసిందండీ," అంది నస్రత్.

"ఇది మా కంపెనీ సరుకమ్మా. ఇంటర్వ్యూలో ఇలాంటి అబద్ధాలాడితే ఎక్కడా ఉద్యోగం రాదు," అన్నాడతను. అక్కడితో ఆగకుండా కాలేజీ వాళ్ళకీ ఆ మాటే చెప్పాడు. దాంతో తర్వాత వచ్చిన కంపెనీలకి కాలేజీ ఆమె పేరు పంపడం మానేసింది.

"అమ్ముకుంటే అమ్ముకోనీ సార్. నన్ను అబద్ధాలకోరని ముద్రేశారు," అంది నస్రత్, కోల్డ్ స్టోరేజీ మెట్ల మీద కూర్చుని.

చెంచురామయ్య గారు ఒక తిట్టు తిట్టారు. అది ఎవరిదో చెప్పలేదు. ఆయన్ని ఎరిగినవాళ్ళందరికీ వ్యవహారం చాలా దూరం పోయిందని అప్పుడే అర్థమైంది.

కంపెనీకి ఉత్తరం రాస్తే, పోలికలు కాకతాళీయమని జవాబొచ్చింది. దాంతో ఆయన నస్రత్‌నీ హుస్సేన్ సాహెబ్‌నీ వెంటబెట్టుకుని హైదరాబాదు బస్సెక్కారు. కంపెనీలో చైతన్యకృష్ణ, అతని పక్కన తేజశ్రీ అనే అమ్మాయి కూర్చున్నారు. వాడుకునేవాళ్ళ ఫిర్యాదులు చూడటం ఆమె పని.

"బాబూ, మీ ప్రోగ్రాంలో ఏడో గదిలో ఒక్క బస్తా పెట్టండి," అన్నారు చెంచురామయ్య గారు.

చైతన్యకృష్ణ నొక్కాడు. చోటు లేదంది తెర.

"ఎనిమిదిలో?"

పెట్టింది.

"మీరెన్ని కోల్డ్ స్టోరేజీలకి అమ్మారు?"

"నలభై."

"నలభై చోట్లా ఏడో గది నిండే ఉందా?"

తేజశ్రీ కుర్చీలో ముందుకి జరిగింది. "సార్, ఈ ఫిర్యాదు రెండేళ్ళ నుంచీ ఉంది! బంగాళాదుంపలు పెట్టుకునే వాళ్ళయితే వాస్తు దోషమేమోనని ఏడో గదికి తలుపు మార్పించారు కూడా."

హుస్సేన్ సాహెబ్ గొంతు సవరించుకున్నాడు. "దోషం కాదమ్మా. మా దగ్గర ఏడో గదిలో చల్లబరిచే మిషన్ చెడిపోయింది. మా వాళ్ళు అందులో కూర్చుని టీ తాగుతారు."

"అందుకే ఆ గదికి సరుకు పోకుండా ప్రోగ్రాంలోనే కట్టేశానండీ," అంది నస్రత్ సిగ్గుపడుతూ. "బయట పెట్టేటప్పుడు తీసెయ్యాలని గుర్తు రాలేదు. తప్పు నాదే."

చైతన్యకృష్ణ ఏడో గదిని ఇంకోసారి నొక్కి చూశాడు. చోటు లేదనే అంది తెర.

"మీకెంత కావాలి?" అన్నాడు చైతన్యకృష్ణ చివరికి.

"పేర్లు," అన్నారు చెంచురామయ్య గారు. "తీసేసినవి మళ్ళీ పెట్టండి. మీరు చేసిన మార్పులు బయట పెట్టండి. సరుకెక్కడుందో తెలుగులో పైకి చెప్పే బటను మీరు చేర్చింది చాలా బాగుంది, చదువురాని మా రైతులకి పనికొస్తుంది. మీ పేరు చెప్పుకునే వాడుకుంటాం. ముందు మాత్రం ఈ పిల్ల నిజమే చెప్పిందని కాలేజీకి కాగితం రాసివ్వండి."

కాగితం అక్కడే తయారైంది. సంతకం పెట్టి, చైతన్యకృష్ణ తలెత్తకుండానే అడిగాడు. "ఎప్పుడు చేరతావమ్మా?"

"ఆ పేర్లెక్కాక చెప్తానండీ," అంది నస్రత్.

తేజశ్రీ పాత టిక్కీ తెరిచి పేర్లు చదివింది. "నస్రత్, సరుకు పేర్చే లెక్క. హుస్సేన్ సాహెబ్, బరువు టిక్కీ అడుగున ఉండాలని చెప్పినవారు. హమాలీ చెంచయ్య, తేమ పట్టిన టిక్కీని చేత్తో తట్టి కనిపెట్టే పద్ధతి. అన్వర్, టీ, పని ఆగకుండా..." పదకొండు మంది. హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా పేరెక్కని వాళ్ళు.

ఇన్నాళ్ళూ ఆ జాబితాని పెద్దాయన చాదస్తమనుకుని నస్రత్ చివరిదాకా చదివిందే లేదు. ఇప్పుడు రెండుసార్లు చూసింది.

"మీ పేరేది సార్?"

"నాదేముంది? వాళ్ళనీ వీళ్ళనీ అడిగి రాసుకున్నాను, అంతే."

నస్రత్ కీబోర్డు తనవైపు లాక్కుని అన్నిటికన్నా పైన కొట్టింది. చెంచురామయ్య, ఎవరినీ మర్చిపోనివారు.

"తీసెయ్, తీసెయ్ అమ్మాయ్!"

"ఎక్కిన పేరు తియ్యకూడదు సార్. షరతు. తీస్తే మీ మీద కేసేస్తాను."

హుస్సేన్ సాహెబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. చైతన్యకృష్ణకి కూడా నవ్వాగలేదు. చెంచురామయ్య గారు కళ్ళజోడు తుడుచుకుని షరతులు మొదటి నుంచి చివరిదాకా చదివారు. మళ్ళీ చదివారు. ఎక్కడా సందు దొరకలేదు.

"పోనీ నన్ను అన్వర్ కిందికి జరుపమ్మా," అన్నారు. "వాడు పనిలోకి నాకన్నా ముందొచ్చాడు."