మదార్‌బీ చేతి ఉప్పు

తిరువూరులో బిర్యానీ వండేవాళ్ళకు కొదవలేదు. మదార్‌బీని అడిగితే మాత్రం ఒక్కరే ఉన్నారంటుంది, ఆ ఒక్కరూ ఎవరో కూడా మొహమాటం లేకుండా చెబుతుంది. మిగతావాళ్ళంతా అన్నంలో మాంసం కలిపేవాళ్ళు, అంతే. బజారులో జమీల్ మాస్టర్ పేరెత్తితే, "పాపం, మంచివాడు" అంటుంది. ఆవిడ నోట మంచివాడనిపించుకోవడం కన్నా నాలుగు తిట్లు తినడం నయం.

వంట మాస్టరంటే మగవాడే, ఆడవాళ్ళు ఉల్లిపాయలు తరగడానికే అనుకునే చోట, భర్త ఖాజావలి పోయాక గరిటె పట్టి మాస్టర్ అని పిలిపించుకుంది. అలా పిలవనివాళ్ళకు పలికేది కాదు. కష్టపడి తెచ్చుకున్న పేరు గనక దాన్ని కాస్త ఎత్తులోనే పెట్టుకుంది. వండేటప్పుడు రుచి చూడదు. రంజాన్‌లో ఉపవాసం గనక సరే, మిగతా నెలల్లోనూ అంతే. చెయ్యి మీద నమ్మకం లేనివాళ్ళే రుచి చూస్తారంటుంది.

మొన్న రంజాన్‌లో పక్కనున్న వినగడప ఊళ్ళో ఆదిశేషయ్యగారి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి పిలుపొచ్చింది. అక్కడ పేరొస్తే ఆ చుట్టుపక్కల ఫంక్షన్లన్నీ తనవే. చెడితే అవన్నీ జమీల్‌వి. ఈ సంగతి ఆవిడకు బాగా తెలుసు.

కూతురు హుస్నాతో బయల్దేరితే ఆటో దారిలో మొరాయించి ఆలస్యమైంది. ఇంటావిడ సరోజినీదేవి ఎదురొచ్చి, "నీకు పని తగ్గుతుందని మాంసం కడిగించి పెట్టాను మాస్టర్" అంది. మాంసం ఎప్పుడూ తన చేత్తోనే కడుక్కునే మనిషి, ఎలా కడిగించారని ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు. అడగడమంటే తనకు తెలియదని ఒప్పుకోవడం, అది ఆవిడ వల్ల కాదు.

ఎప్పటి చేతి కొలతతోనే ఉప్పూ మసాలా వేసింది. మాంసం ఉడికింది. నెలసరి రోజులు గనక హుస్నాకి ఆ రోజు ఉపవాసం లేదు.

"అమ్మా, ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని చూడనా?" అంది భయపడుతూనే.

"నా గిన్నెలో నీ నాలికెందుకే? పొయ్యి సంగతి చూడు."

పైన అన్నం పరిచి, మూత చుట్టూ పిండి మెత్తి, మూత మీద నిప్పులు పోసింది. ఆ మూత తీసినప్పుడు వచ్చిన వాసనకు పందిట్లో జనం మాటలాపారు. ఆవిడ కొంగు బిగించి, పొగడ్తలు వినడానికి బంతి చివర వెళ్ళి నిలబడింది.

పొగడ్తలు రాలేదు. మంచినీళ్ళ కోసం కేకలొచ్చాయి. వంటంతా ఉప్పు కషాయం. పెద్దవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆదిశేషయ్యగారు దగ్గరికొచ్చి, "ఏం పర్లేదమ్మా, పెరుగన్నం ఉందిగా, సర్దుకుంటారు" అన్నారు మెల్లగా. అంతకన్నా తిట్టినా బాగుండేది. ఆ జాలికి మదార్‌బీకి ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు సరోజినీదేవి చేతులు నలుపుకుంటూ భర్తతో అంది. "తప్పు నాదేనండీ. నీచు పోతుందని ఉప్పూ పసుపూ బాగా పట్టించి, తెల్లారినప్పట్నించీ అలాగే ఉంచాను. పైపైన కడిగించి ఇచ్చాను. చెప్పడం మర్చిపోయాను."

పందిట్లో అందరూ విన్నారు. "అదీ సంగతి! మరి మదార్‌బీ మాత్రం ఏం చేస్తుంది పాపం" అన్నారెవరో. హుస్నా హమ్మయ్య అనుకుంది. అమ్మ పేరు దక్కింది. తల ఊపి ఊరుకుంటే చాలు.

మదార్‌బీ ఊరుకోలేదు. పాపమట! ఎవరో చెయ్యి పెడితే చెడిపోయే వంటా తనది?

"ఆగండమ్మగారూ" అంది. "ఆ తప్పు మీరు తీసుకోవద్దు. నా పొయ్యి ఎక్కాక దాన్లో ఉన్న ఉప్పంతా నాదే. రుచి చూస్తానని నా కూతురు అడిగింది, నేనే వద్దన్నాను. చెడగొట్టింది నేను."

హుస్నా చెయ్యి పట్టుకు లాగింది. "అమ్మా, ఊరుకో. జమీల్ మామ రేపు ఊరంతా చాటిస్తాడు."

"చాటించనీ. మదార్‌బీ చెడగొట్టిందనే చాటించమను" అంటూ, పందిరంతా వినేలా గొంతు పెంచింది. "నా వంట చెడగొట్టేంత చెయ్యి ఈ చుట్టుపక్కల ఇంకెవరికుందే?"